మల్సున్ గదికి మడత తలుపు

తాక్ పిల్గు ఇరవయ్యారేళ్ళు సిటీ బస్సులకు మడత తలుపులు బిగించి బతికాడు. కొరియాలోని ఇంచియాన్‌లో, బస్సుల కర్మాగారంలో, మూడో షెడ్డులో. ఇంజను ఒకరిది, సీట్లు ఒకరివి, రంగులు ఇంకొకరివి. ముందు తలుపూ వెనక తలుపూ మాత్రం పిల్గువి. ఊళ్ళో ఏ బస్సెక్కినా మెట్టు మీదే ఆగి తలుపు వంక చూసి, ‘ఇది నాదే’ అనో ‘ఇది మన షెడ్డుది కాదు’ అనో గొణుక్కునేవాడు. వెనక నిలబడ్డవాళ్ళు కదలవయ్యా అని విసుక్కునేవాళ్ళు. ఆ కాస్త గర్వం తప్ప మనిషికి వేరే చెడ్డ అలవాటు లేదు. తాగినా రెండు గ్లాసులే, మూడో గ్లాసుకు నిద్రపోయేవాడు.

పెళ్ళి కూడా తలుపు మూలంగానే అయింది. ఆ రోజుల్లో బస్సుకొక కండక్టరు పిల్ల ఉండేది. జనాన్ని లోపలికి కుక్కి, తలుపు లాగి, బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి ‘ఓరై’ అని కేకేస్తే గాని బస్సు కదిలేది కాదు. బాంగ్ మల్సున్ ఆ పిల్లల్లో ఒకతె. తలుపు మాటిమాటికీ ఇరుక్కుపోతోందని చెప్పడానికి డిపో నుంచి తనే కర్మాగారానికి వచ్చింది. పిల్గు తలుపును రెండుసార్లు ఆడించి చూసి, “తలుపు బాగానే ఉంది, లాగే చెయ్యే తిన్నగా లేదు” అన్నాడు. “అయితే ఆ చెయ్యేదో నువ్వే పట్టుకుని నేర్పు” అంది మల్సున్. షెడ్డంతా నవ్వింది. పిల్గు మర్నాడు తలుపు విప్పి చూశాడు. లోపం తలుపులోనే ఉంది. ఆ సంగతి ఆమెకు పెళ్ళయిన పదేళ్ళకు గాని చెప్పలేదు.

కర్మాగారం వేరే ఊరికి తరలిపోయాక పిల్గు ఒక అపార్టుమెంటుకు కాపలాదారుగా కుదిరాడు. మల్సున్ జబ్బు పడేదాకా ఆ పనే. జబ్బు కడుపులో మొదలై వెన్నులోకి పాకింది, కాళ్ళు చచ్చుబడ్డాయి. వృద్ధుల ఆసుపత్రిలో ఆరుగురుండే గదిలో, కిటికీ పక్క మంచం మీద పద్నాలుగు నెలలు గడిపింది. జనవరి మొదటి వారంలో డాక్టరు పిల్గును బయటికి పిలిచి, “ఇంటికి తీసుకెళ్ళాలని ఉంటే ఇప్పుడే తీసుకెళ్ళండి. నెలలు అనుకోకండి, వారాలు అనుకోండి” అన్నాడు. అని, పిల్గు భుజం మీద చెయ్యి వేయబోయి మానుకున్నాడు.

మల్సున్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటికి పోదామనేసరికి మాత్రం ముఖం విప్పారింది.

“వీపు కాచుకోవాలయ్యా నేను” అంది. “ఈ మంచం మీద పడుకుంటే గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. మన గదిలో నేల కింది గొట్టాల్లోకి వేడినీళ్ళు వదిలి, నేల బాగా కాగనిచ్చి, పల్చటి పరుపొకటేసి పడుకోబెట్టు. వీపు ఎర్రబడేదాకా లేవను.”

“సరే.”

“ఇంకోటి. తలుపు కావాలి. పద్నాలుగు నెలల నుంచి తెర లాగి బట్టలు మారుస్తున్నారు నాకు. తెర అవతల ఎవరో అన్నం తింటుంటారు. మనింట్లో నాకు తలుపేసి మార్చు.”

అడిగింది ఇంతే. శనివారం నాడు ఆమెను తెచ్చేటట్టు మాట అయింది. అప్పటికి చేతిలో ఐదు రోజులున్నాయి.

తలుపు ఉంది, లేకేం. అయితే ఆ గది తలుపు లోపలికి తెరుచుకుని బట్టల బీరువాకు కొట్టుకుని సగంలో ఆగిపోతుంది. చక్రాల కుర్చీ అందులో దూరదు. కింద బెత్తెడు ఎత్తు గడప ఒకటి. పిల్గు టేపు పట్టుకుని గుమ్మం ముందు చాలాసేపు కూర్చున్నాడు. పాత చట్రం పీకేసి, గడప తీసేసి, మడత తలుపు పెడితే రెండు రెక్కలూ ఒకదాని మీదొకటి మడుచుకుని గోడ వారకు పోతాయి, కుర్చీ హాయిగా పోతుంది. ఈ ఆలోచన వచ్చేసరికి పద్నాలుగు నెలల్లో మొదటిసారి తను పనికొచ్చే మనిషిననిపించింది.

కూతురు హేరిమ్ ఆన్యాంగ్‌లో ఒక బేకరీలో పనిచేస్తుంది. ఫోన్లో సంగతి విని, “నాన్నా, ఎందుకొచ్చిన తంటా, మనిషిని పిలిపించు. రెండు గంటల్లో పెట్టేసి పోతాడు” అంది.

“పిలిచాను. పదిహేను రోజులు ఆగమన్నాడు.”

“అయితే తలుపు ఊడపీకి, మంచి మందపాటి తెర కట్టు.”

“తెర వద్దంది మీ అమ్మ.”

“అమ్మ వద్దందా, నీ చేతులు ఊరుకోవట్లేదా?”

రెండూ నిజమే.

సోమవారం నాడు తలుపు సామాను కొనుక్కొచ్చాడు. తెల్లటి రెక్కలు రెండు, పైన బిగించే పట్టా, మరమేకుల సంచీ, బొమ్మలతో ఒక కాగితం. మంగళవారం చట్రం పీకాడు, గడప పగలగొట్టాడు. ఆ చప్పుడుకు కింది ఇంటి కబ్బున్ పైకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది, బజారులో కూరల కొట్టు నడుపుతుంది. తిట్టడానికి వచ్చిందేమోనని పిల్గు సుత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో చిన్న గిన్నె ఉంది, సోయాలో ఉడికించిన నల్ల చిక్కుళ్ళు.

“మల్సున్ వస్తోందటగా. గేటు దగ్గర చెప్పారు. దానికి ఇవంటే ఇష్టం.”

“చప్పుడుకి ఇబ్బంది పెడుతున్నాను, ఏమనుకోకండక్కా. రేపటితో అయిపోతుంది.”

“కొట్టుకో నాయనా, కావలసినంత కొట్టుకో. దాని కోసం కొడుతుంటే నేను చెవిలో దూది పెట్టుకోలేనా?”

ఆమె అలా అనకుండా నాలుగు తిట్టి పోయినా బాగుండేదని పిల్గు తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

బుధవారం అసలు పని. మడత తలుపుకు ప్రాణం కింది ఇరుసు. గోడ వైపు రెక్క ఆ ఇరుసు మీదే తిరుగుతుంది. అది ఊగితే తలుపంతా ఊగుతుంది. సామానుతో వచ్చిన కాగితంలో ఒక బొమ్మ ఉంది: నేల కింద వేడి గొట్టాలున్న ఇళ్ళలో నేలకు రంధ్రం వేయవద్దు, ఇరుసు బిళ్ళను జిగురుతో అతికించండి. పిల్గు అద్దాలు పెట్టుకుని మరీ చదివాడు. చదివి, “జిగురట” అన్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. కానీ మూడో షెడ్డు వాళ్ళంతా వింటున్నట్టే అన్నాడు. పొద్దుటి బస్సులో అరవై మంది ఒరిగినా ఊడని తలుపులు బిగించిన వాడు, కట్టుకున్న భార్య గదికి జిగురు తలుపు పెడతాడా? బస్సు నేలకు రంధ్రం వేస్తే డ్రిల్లు అవతలికి దిగి కింద రోడ్డు కనపడుతుంది, అంతకంటే ఏమీ కాదు. ఇరవయ్యారేళ్ళూ అతని చేతులకు తెలిసిన నేల అదే.

అలాగని మరీ కళ్ళు మూసుకుని దిగలేదు. గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. పాతకాలం వాళ్ళు చేసే పద్ధతే: బాయిలర్ పెంచి, నేల మీద తడి న్యూస్‌పేపరు పరిచి, ముందుగా ఎక్కడ ఆరుతుందో చూడటం. గుమ్మం అడుగున కాగితం రెండు చారలుగా ఆరింది. రెండింటి మీదా పెన్సిలుతో గీతలు గీశాడు. రెంటి మధ్యా జానెడు చోటుంది, సరిగ్గా అక్కడే ఇరుసు రావాలి. అదృష్టం కలిసొచ్చిందనుకున్నాడు. డ్రిల్లు పెట్టాడు. రెండంగుళాల లోతున చేతికి చిన్నగా ఏదో తెగినట్టు తగిలింది, మళ్ళీ గట్టిగా అయింది. బయటికి తీస్తే మొన తడిగా ఉంది. పాత సిమెంటు, చలికాలం, చెమ్మ పట్టి ఉంటుందిలే అనుకున్నాడు. ఇరుసు దించి బిగించాడు.

సాయంత్రానికి తలుపు నిలబడింది. ఒక్క వేలు ఆనిస్తే రెక్కలు మడుచుకుని గోడ పక్కకు ఒదిగిపోయాయి. ఇంకో వేలు ఆనిస్తే మూసుకున్నాయి. చప్పుడన్నది లేదు. పిల్గు హేరిమ్‌కు ఫోన్ చేసి, ఫోన్ తలుపు దగ్గర పెట్టి, “విను” అన్నాడు.

“ఏమీ వినపడలేదు నాన్నా.”

“అదే మరి.”

హేరిమ్ నవ్వింది. ఆ ఇంట్లో ఆ శీతాకాలంలో నవ్వు అదే ఆఖరు.

గురువారం పొద్దున్నే పిల్గు వంటింటి తొట్టి కింద వంగి, తాము పడుకునే పెద్ద గదికి వేడినీళ్ళు పోయే గొట్టం మర తిప్పి తెరిచాడు. హాలుకు ఒక మర, వంటింటికి ఒకటి, చిన్న గదికి ఒకటి, పెద్ద గదికి ఒకటి. పెద్ద గది మర బిగించేసి పద్నాలుగు నెలలయింది. మల్సున్ ఆసుపత్రిలో చేరిన వారానికే దాన్ని కట్టేశాడు. ఆ గదిలో ఒక్కడే పడుకోలేక హాల్లో సోఫా పక్కన పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇవాళ తెరిస్తే శనివారానికి నేల లోపలిదాకా కాగుతుంది. పరుపు దులిపి పరిచాడు. తలగడ గలీబు మార్చాడు. కబ్బున్ ఇచ్చిన చిక్కుళ్ళు ముట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టాడు.

మధ్యాహ్నం పరుపు కింద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. చాలా రోజులు కట్టేసిన గొట్టాల్లో గాలి నిలుస్తుందిలే, అనుకుని బాయిలర్ పెంచాడు. రెండు గంటలాగి చూస్తే ఇంకా చల్లగానే ఉంది. మరి కాస్త పెంచాడు. చీకటి పడే వేళ తలుపు గంట మోగింది. కబ్బున్ నిలబడి ఉంది, తల తడిసి నుదుటికి అంటుకుపోయింది.

“నాయనా, మా పడకగది కప్పు కారుతోంది. దీపం చుట్టూ కారుతోంది. నాకు భయంగా ఉంది, ఒకసారి వచ్చి చూస్తావా?”

పిల్గు కిందికి దిగి చూశాడు. కప్పుకు అతికించిన కాగితం కడుపులా ఉబ్బి వేలాడుతోంది, మధ్యలోంచి ధార. కింద బకెట్టు, బకెట్టు పక్కన గిన్నెలు. నీళ్ళలో వేలు పెట్టాడు. వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం చేతికి తగలగానే అతనికంతా తెలిసిపోయింది. తడి కాగితం మీద ఆరిన చారలు రెండూ చిన్న గదికి పోయే గొట్టాలవి. పెద్ద గది గొట్టంలో పద్నాలుగు నెలలుగా వేడి లేదు. వేడి లేని గొట్టం కాగితాన్ని ఎలా ఆరబెడుతుంది? రెంటి మధ్య కలిసొచ్చిందనుకున్న జానెడు చోటులో ఉన్నది అదే. తన చేత్తో తనే మర కట్టేశాడు, తన చేత్తో తనే ఆ గొట్టాన్ని తూటు పొడిచాడు. మల్సున్ ఏ నేల కోసం వస్తానందో ఆ నేలనే చంపేశాడు. మెట్లెక్కి పైకి వస్తూ మధ్యలో ఒక మెట్టు మీద కూలబడ్డాడు.

శుక్రవారం లీకులు పట్టే మనిషి వచ్చాడు. పేరు మిన్ అట, నలభై ఏళ్ళుంటాయి, చెవులకు యంత్రం తగిలించుకుని నేల మీద బోర్లా పడుకుని వింటాడు. గొట్టాల్లోకి గాలి పట్టించాడు. గుమ్మం దగ్గర బుస్సుమంది.

“ఇది మీరు పొడిచిందే తాతగారూ.”

“తెలుసు. అది మూసెయ్యి బాబూ. రేపు పేషెంటు వస్తుంది.”

మిన్ ఇంకాస్త గాలి పట్టించాడు. ఈసారి హాల్లో సోఫా కింద బుస్సుమంది. కాసేపటికి వంటింటి గోడ వారన. మిన్ చెవుల యంత్రం తీసేసి, లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

“గొట్టాలన్నీ కుళ్ళిపోయున్నాయి. ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాయి. గాలి తగిలేసరికి నోళ్ళు తెరిచాయి.”

“గాలి పట్టించకపోతే?”

“పట్టించకపోతే ఎక్కడ కారుతోందో నాకెలా తెలుస్తుంది? తిట్టుకోకండి. ఇల్లంతా నేల పగలగొట్టాలి, కొత్త గొట్టాలు పరవాలి, సిమెంటు పొయ్యాలి. ఈ చలికి సిమెంటు ఆరడానికే ఇరవై రోజులు. అదీ నేను పని మొదలుపెట్టిన రోజు నుంచి. ఈ నెలాఖరుదాకా నాకు ఖాళీ లేదు.”

“ఒక్క గది చెయ్యి. ఒక్క గది, బాబూ. కావాలంటే నేను పగలగొడతాను, నువ్వు గొట్టం వేసి పో.”

“తడి సిమెంటు మీద మనిషిని పడుకోబెడతారా తాతగారూ?”

బాయిలర్ ముట్టుకోవద్దని చెప్పి మిన్ వెళ్ళిపోయాడు. బయట సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద ఉంది. మధ్యాహ్నానికి ఇంట్లో ఊపిరి పొగలా కనపడటం మొదలైంది. కరెంటు పరుపు కొనుక్కొస్తే సరిపోతుందేమోనని పిల్గు ఇంటికొచ్చి చూసే నర్సమ్మకు ఫోన్ చేశాడు. ఆమె మంచి మనిషే. ఓపిగ్గా వింది.

“వీపు వెచ్చగా ఉంటుంది సరే. పీల్చే గాలి? ఆవిడకి ఇప్పటికే దగ్గు. పైగా తడిసిన నేల మీద కరెంటు పరుపు వేస్తారా? ఇంటికి తీసుకెళ్ళచ్చని నేను సంతకం పెట్టలేనండీ. ఇల్లు బాగుచేయించుకుని చెప్పండి, వెంటనే వస్తాను.”

హేరిమ్ తన గదికి తీసుకెళ్తానంది. రెండడుగులు వేస్తే గోడ తగిలే గది ఆమెది, ఇంకో పిల్లతో కలిసి ఉంటోంది. “అమ్మ ఒప్పుకోదు నాన్నా, తెలుసు, అయినా అడుగుతున్నాను” అంటూనే ఏడ్చింది. పిల్గును ఒక్క మాట అనలేదు. అనకపోవడం అతనికి ఇంకా కష్టంగా ఉంది. అమ్మకు ఫోన్లో చెప్పనా అని అడిగితే, నేను చెప్తానన్నాడు. ఆ గడ్డకట్టే ఇంట్లో కోటు వేసుకునే కూర్చుని, మడత తలుపు వంకే చూస్తూ తనను తాను తిట్టుకున్నాడు. తలుపు తప్పు ఏమీ లేదు. అంత చక్కని తలుపు అతను బస్సులకు కూడా ఎప్పుడూ పెట్టలేదు.

శనివారం పొద్దున ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, రెండు బస్సులు వదిలేసి మూడో బస్సెక్కాడు. అంబులెన్సు పాడైందని చెబుదాం, సోమవారం చూద్దామని చెబుదాం, అని దారంతా అనుకున్నాడు. ఆసుపత్రి గదిలో మల్సున్ ఏడింటి నుంచీ చక్రాల కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆయా తల దువ్వి క్లిప్పు పెట్టింది. బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే ఊదారంగు కోటు, మెడదాకా గుండీలు. ఒళ్ళో సంచీ. మంచం అప్పటికే కొత్త దుప్పటి పరిచి, ఖాళీగా ఉంది.

“ఎంతసేపయ్యా? కోటులో ఉడికిపోతున్నాను” అంది.

పక్క మంచం మీది ముసలమ్మ యాంగ్‌నిమ్ అటు తిరిగి నవ్వింది. ఆమెకు తొంభై దగ్గర. “సామానంతా పంచిపెట్టేసింది మీ ఆవిడ. నాకు నీళ్ళ కప్పు, సాక్సులు. ఆయాకి చెప్పులు. ఇంక ఇక్కడికి రానే రానంటోంది.”

పిల్గు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంబులెన్సు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మల్సున్ అతని చేతులు పట్టుకుంది, పట్టుకోగానే అతని ముఖంలోకి చూసింది.

“మంచుముక్కల్లా ఉన్నాయేంటి చేతులు? ఇంట్లోంచేగా వచ్చావు?”

ఇంక అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేశాడు. తడి కాగితం, రెండు చారలు, తను కట్టేసిన మర, డ్రిల్లు, కబ్బున్ ఇంటి కప్పు, మిన్ అన్న మాటలు. కాగితంలో జిగురు పెట్టమని రాసి ఉందని కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు, అయినా చెప్పాడు. మల్సున్ అంతా విని, “తలుపు ఎలా వచ్చింది?” అంది.

“బాగా వచ్చింది.”

“చప్పుడుందా?”

“లేదు.”

“ఊరందరి బస్సులకీ పెట్టావు. మనింటికి పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది నీకు” అంది. ఎప్పుడూ దెప్పే గొంతుతోనే అంది. తరవాత అడిగింది: “ఎన్నాళ్ళంటున్నాడు అతను?”

“ఫిబ్రవరి ఆఖరు. ఎండ కాస్తే ఇంకాస్త ముందే కావచ్చు.”

డాక్టరు చెప్పిన మాట పిల్గుకు తెలుసు. మల్సున్‌కు ఎవరూ చెప్పలేదు గానీ ఆమెకూ తెలుసు. ఇద్దరూ లెక్క పెట్టలేదు. ఆమె మెడ దగ్గరి గుండీ విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళు పట్టు దొరక్క జారిపోతున్నాయి. పిల్గు సాయం చేయబోతే చెయ్యి తోసేసింది, మళ్ళీ తనే విప్పుకుంది. ఒకటి, తరవాత ఇంకొకటి. విప్పి, పక్క మంచం వైపు తిరిగింది.

“అక్కా, ఆ కప్పు నాకు మళ్ళీ ఇస్తావా? మందు వేసుకోవాలి.”

“వెళ్ళట్లేదా నువ్వు?”

“వెళ్ళట్లేదక్కా.”

యాంగ్‌నిమ్ బోసినోరు తెరిచి అయోమయంగా చూసింది. “అందులో నా పళ్ళు వేసుకున్నానే.”

“ఫర్వాలేదులే, కడిగిస్తే చాలు.”

పిల్గు లేచి కప్పు అందుకున్నాడు. పళ్ళ సెట్టు ముసలమ్మ చేతిలో పెట్టి, గది చివరున్న తొట్టి దగ్గరికి నడిచాడు. కొళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ కింద కప్పు పట్టుకుని, గదిలో అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. కప్పు ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడలేక కడుగుతూనే ఉన్నాడు.